రెండు నల్ల బిళ్ళలు

నవంబర్ 2, ఆదివారం

మళ్ళీ తేలలేదు.

గిన్నెలో ద్రవ నైట్రోజన్, నైట్రోజన్‌లో బిళ్ళ, బిళ్ళ మీద అయస్కాంతం. లేవాల్సిన అయస్కాంతం చుట్టాలింటికి వచ్చినట్టు కూర్చుంది. చుట్టూ మేమూ కూర్చున్నాం — నేను, మా ఆయన, మా అమ్మాయి పింకీ, ఆయనతో పాటు కంపెనీలో ఇనుము కాల్చి గట్టిపరిచే హీట్ ట్రీట్‌మెంట్ షాపులో పనిచేసే సింహాచలం అన్నయ్య. పొగలు మాత్రం బాగా వచ్చాయి. అన్నయ్య పొగలు చూసి చప్పట్లు కొట్టాడు పాపం, అదే ప్రయోగం అనుకుని.

మొదటి బిళ్ళ ఆకుపచ్చగా వచ్చింది. వేడి ఎక్కువైంది, తప్పు నాదే. ఇది నల్లగా వచ్చింది, పుస్తకంలో ఎలా ఉండాలన్నారో అలాగే. మరి ఎందుకు లేవదు...

ఆయన పకోడీ నములుతూ — "పౌడర్ కల్తీదేటో. సీసాలు కడిగే సెయ్యి అన్నయ్యా, అంతకన్నా ఏటి సేత్తాది?"

నవ్వులు. పింకీ కూడా నవ్వింది. తర్వాత నా మొహం చూసి "మజాక్ థా, మమ్మీ" అంది. ఈ ఊళ్ళో పుట్టి పెరిగిన పిల్ల, దాని నోట హిందీయే.

మజాకేలే.

నవంబర్ 3

స్కూల్లో ఈరోజు తొమ్మిదో తరగతి ప్రాక్టికల్. నలభై రెండు పరీక్షనాళికలు కడిగాను. ఒక్కొక్కటీ కడుగుతుంటే ఆ మాటే. ఇరవై ఒక్క ఏళ్ళుగా ల్యాబ్ అటెండెంట్‌ని — సీసాలు కడిగే చెయ్యి కాదని ఎవరన్నారు? కానీ బీఎస్సీ కెమిస్ట్రీ పాసైన చెయ్యి కూడా ఇదే కదా. అది ఎవరికీ గుర్తులేదు. నాకే అప్పుడప్పుడు గుర్తు చేసుకోవాల్సి వస్తోంది.

రెండేళ్ళ కిందట సైన్స్ ఎగ్జిబిషన్‌కి బయట నుంచి ఎవరో వచ్చి ఈ సూపర్‌కండక్టర్ చూపించారు. నల్ల బిళ్ళ, చల్లగా చేస్తే పైన అయస్కాంతం గాలిలో నిలబడిపోయింది. నన్ను పళ్ళెం పట్టుకోమన్నారు. పట్టుకున్నాను. అంత దగ్గరగా చూసింది నేనొక్కదాన్నే. ఇదేం ఇంద్రజాలం కాదు, మూడు పొడులు కలిపి కాల్చడమే కదా అనిపించింది. ఫిజిక్స్ సర్‌ని అడిగితే — "దీదీ, యే ఆప్ కే బస్ కా నహీ." నా వల్ల కాదట.

అప్పటి నుంచీ ఇదే పట్టు. ఒక్కసారి లేవాలి. బియ్యపుగింజ ఎత్తు చాలు. నా చేత్తో చేసింది, నా ఇంట్లో.

నవంబర్ 5

ఇట్రియం పొడి ఇంకో రెండు బిళ్ళలకే ఉంది. మళ్ళీ తెప్పించుకునే ఉద్దేశం లేదు. రెండే.

నవంబర్ 8, శనివారం

మూడు పొడులూ కలిపి నూరాను. బాల్కనీలో, ముక్కుకి గుడ్డ, చేతులకి తొడుగులు. బేరియం పొడి ఎలుకల మందు — ఆ కల్వం వంటింటి గడప తొక్కదు. ఎడమ చేత్తో గంట, కుడి చేత్తో గంట. భుజాలు పోయాయి. రోట్లో తల పెట్టాక రోకటి పోటుకి వెరవడమెందుకు.

పింకీ తలుపు దగ్గర నిలబడి చూసింది. "ఏటే, ఓ చెయ్యి వేత్తావా?" అంటే "నహీ మమ్మీ, ట్యూషన్ హై."

నవంబర్ 11

పొడి ఒకసారి కాల్చి, మళ్ళీ నూరి, ఈరోజు బిళ్ళ కొట్టాం. అచ్చు ఆయన చేసిచ్చిందే. ఎంత నున్నగా ఉందో — పొడి పోసి, పైన గూటం పెట్టి, కింద జీపు జాకీతో నొక్కితే బిళ్ళ అంచు కూడా చెదరకుండా వచ్చింది. ఆయన చేతిపనికి వంక పెట్టలేను. ఈ భట్టీ కూడా ఆయనే కట్టాడు, ఇటుకలు కోసి, కరెంటు తీగ చుట్టి, ఎనిమిది ఆదివారాలు. పెళ్ళయ్యాక ఇద్దరం కలిసి చేసిన పని అంటూ ఉంటే ఇదొక్కటే. దీపావళికి దీపాలు కూడా విడివిడిగా పెట్టే ఇల్లు మాది.

అచ్చు చూపిస్తూ — "ఇది నేనే హార్డ్ సేసినాను. ఎర్రగ కాల్సి నూనెలో ముంచినాను. నీ బిళ్ళయినా ఇనుమైనా, గట్టిదనం నిప్పులోంచి లాగీటప్పుడే వత్తాది."

తల ఊపాను. మనసు పెట్టి వినలేదు, నిజానికి.

నవంబర్ 13, గురువారం

సాయంత్రం భట్టీ వెలిగించాను. రాత్రంతా తొమ్మిది వందల నలభై దగ్గర నిలబడుతుంది. అసలు పని రేపు పొద్దున్న — చల్లార్చడం. గంటకి నూరు డిగ్రీలు చొప్పున, నెమ్మదిగా. చల్లారేటప్పుడే బిళ్ళ గాలిలోంచి ఆక్సిజన్ పీల్చుకుంటుంది. పీల్చుకోకపోతే అది సూపర్‌కండక్టర్ కాదు, మామూలు పెంకు.

నాకు స్కూలు. ఆయనకి ఈ వారం సీ షిఫ్ట్, పొద్దున్న ఆరున్నరకి ఇంటికి వస్తాడు. కిందటిసారిలాగే గోడకి కాగితం అంటించాను. గంటకో గడి. నాబ్ ఒక గీత తగ్గించడం, మీటర్ చూడడం, అంకె రాయడం.

"సూత్తారా? నిద్రొచ్చినా సరే, గంటగంటకీ."

"ముప్పై యేళ్ళ నుండి భట్టీ కాడున్నానే. నాకు నేర్పుతన్నావా?"

నవంబర్ 14

మూడింటికి వచ్చాను. బిళ్ళ సాసర్‌లో ఉంది. నల్లగా, చల్లగా. కాగితం నిండా ఆయన అంకెలు, ముత్యాల్లా — ఏడుకి 900, ఎనిమిదికి 800, తొమ్మిదికి 700... అక్కడి నుంచి రెండుకి 200, భట్టీ బంద్. కింద సంతకం కూడా. షాపులో అలవాటు.

ఆయన నిద్రపోతున్నాడు. దుప్పటి కప్పాను.

నైట్రోజన్ రావాలి. మహతోకి ఫోన్ చేశాను — ఖటాళ్ళలో, అదే పాలవాళ్ళ కొట్టాల్లో, గేదెలకి సూదులు వేసే మనిషి. ఎద్దు విత్తనం దాచే డబ్బాలోంచి మనకి ఒక ఫ్లాస్క్ పోసిస్తాడు, నేను ఒక సీసా ఆవకాయ ఇస్తాను. ఊరికి వెళ్ళాడట. రెండు మూడు వారాలు.

నవంబర్ 15, శనివారం

సెలవు. బిర్సా జయంతి, ఆదివాసుల ఊరేగింపు, వీధంతా డోళ్ళు. కింది ఇంటి సబితా దీదీ మెట్ల మీద కూర్చుని చూస్తోంది. పక్కన కూర్చున్నాను. మాటల్లో — నిన్న పదకొండుకి పోయిన కరెంటు పన్నెండున్నర దాకా రాలేదనీ, ఊరేగింపు వాళ్ళు మైకులు పరీక్ష చేసుకోలేక తిట్టుకున్నారనీ, తన మిక్సీలో పప్పు సగంలో ఆగిపోయిందనీ.

ఊ అన్నాను. డోళ్ళు చూస్తున్నాను.

అప్పుడు తట్టింది.

పైకి వచ్చి కాగితం చూశాను. పదకొండుకి 500. పన్నెండుకి 400. కరెంటు లేనప్పుడు మీటర్‌లో అంకె ఎక్కడిది? చీకటి గాజులో ఏం కనబడింది ఆయనకి, నా మొహమా?

అన్ని అంకెలూ ఒకే సిరా, ఒకే వాలు. ఒక్క కూర్చోడంలో రాసినవి. షిఫ్ట్ అయ్యే ముందు లాగ్‌షీట్ నింపేసినట్టు. రెండో బిళ్ళ నాటి కాగితం కూడా తీశాను. అదీ అంతే.

నవంబర్ 16, ఆదివారం

అడగలేదు. అడిగే పని పడలేదు. సింహాచలం అన్నయ్య వచ్చాడు, ముందు గదిలో టీ. నేను వంటింట్లో. ఆయన గొంతు తగ్గించడం ఎప్పుడూ నేర్చుకోలేదు.

"...మెల్లగా సల్లారబెట్టమంటాది అన్నయ్యా. మెల్లగా సల్లారితే ఏటవుద్ది? మెత్తబడిపోద్ది. ఉద్యోగంలో సేరినప్పుడు మొదట నేర్పింది అదే గదా మనకి. అందికే ఎర్రగున్నప్పుడే పట్టుకారుతో లాగీసి ఫేను కింద ఎట్టీసినాను. రెండుసార్లూ. దానికి సెప్పలేదు, గొడవ సేత్తాది. ఊరికే ఒక కాయితం రాసి ఎట్టీసినాను. ఏదో కష్టపడతంది, బిళ్ళ గట్టిగా వత్తే సంతోషపడతాది గదా."

టీ పొంగిపోయింది. తుడిచాను.

ఇనుము తెలిసిన మనిషి. ఇనుము తప్ప లోకంలో ఇంకేదీ లేదనుకునే మనిషి. ఎర్రగా ఉన్నప్పుడు లాగేస్తే నా బిళ్ళ ఊపిరి పీల్చుకోకముందే చచ్చిపోతుంది. రెండుసార్లు చంపాడు. చంపి, పౌడర్ కల్తీ అన్నాడు, నలుగురిలో నా చేతిని అన్నాడు.

పైగా నా సంతోషం కోసం. అది వినకపోయినా బాగుండేది. ఉత్త దుర్మార్గమైతే తిట్టి పడేసేదాన్ని.

నవంబర్ 17

మాట్లాడలేదు.

నవంబర్ 18

మాట్లాడలేదు. ఆయనకి తెలియనే లేదు. పప్పులో ఉప్పు తక్కువైంది అన్నాడు.

నవంబర్ 20

చెప్పేద్దామని రెండుసార్లు వంటింట్లోంచి గుమ్మం దాకా వెళ్ళాను. ఏమని చెప్పాలి? "మీరు తప్పు" అంటే — "ఏ పుస్తకంలో ఉంది?" అంటాడు. పుస్తకం చూపిస్తే — "పుస్తకం రాసినోడు భట్టీ ముట్టినాడా?" చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు, మా ఇంట్లో వినేవాడికి చెప్పేదే లోకువ.

మాటతో కాదు. బిళ్ళతో చెప్పాలి.

ఒక్క బిళ్ళకే పొడి ఉంది.

నవంబర్ 23

వచ్చే వారం ఆయనది 'ఏ' షిఫ్ట్, పొద్దుటి డ్యూటీ. బుధవారం డబల్ డ్యూటీ అట, రాత్రికి గానీ రాడు.

కిందటిసారే కాల్చి పెట్టుకున్న మిగతా పొడి నూరుతున్నాను. "మళ్ళీనా!" అన్నాడు. "చేతులు ఖాళీగా ఉంటే ఏం తోచదు" అన్నాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అన్నట్టు చూసి టీవీ పెట్టుకున్నాడు.

నవంబర్ 25

బిళ్ళ కొట్టాను, ఒక్కదాన్నే. జాకీ పిడి మీద రెండు కాళ్ళూ పెట్టి నిలబడ్డాను. అడుగున గుండుసూదితో చిన్న గీత గీశాను, కనిపెట్టుకోడానికి. సాయంత్రం భట్టీ వెలిగిస్తే "ఏటే?" అన్నాడు. గిన్నె ఖాళీగా కాలుస్తున్నాను అన్నాను. పెళ్ళయిన ఇరవై నాలుగేళ్ళలో ఆయనకి చెప్పిన మొదటి అబద్ధం కాదు గానీ, ఇంత తేలిగ్గా వచ్చింది మాత్రం ఇదే.

నవంబర్ 26, బుధవారం

స్కూలుకి కడుపునొప్పి అని మెసేజ్ పెట్టాను. ఆయన అయిదున్నరకే వెళ్ళాడు. పింకీ కాలేజీకి.

అప్పుడు అత్తయ్య మంచం కింద నుంచి ఆక్సిజన్ మెషీన్ లాగాను. కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఆవిడ కోసం తెచ్చింది. పంతొమ్మిది రోజులు నడిచింది. ఆ గొట్టం రోజూ ముక్కుకి పెట్టింది నేనే, పుండు పడకుండా కొబ్బరినూనె రాసింది నేనే. ఆవిడ పోయాక ఆయన దాని మీద ఆవిడ చీర కప్పి — "ఎవులూ దీన్ని ముట్టొద్దు" అన్నాడు. నాలుగేళ్ళు దాటింది. ముట్టలేదు.

చీర మడిచి పక్కన పెట్టాను. మెషీన్ గుమ్మంలో పెట్టి, పొడుగు గొట్టం, చివర పింగాణీ పైపు, భట్టీ కన్నంలోకి. స్విచ్ వేస్తే అదే చప్పుడు. అదే... బుస్ మని ఆగి, మళ్ళీ బుస్. అత్తయ్యా, కోడలి పిచ్చి అనుకో, ఇంకో ప్రాణానికి కొంచెం గాలి ఇయ్యి అన్నాను. పైకే అన్నాను.

స్టూలు వేసుకుని భట్టీ ముందు కూర్చున్నాను. ఆరుకి ఒక గీత. ఏడుకి ఒక గీత. లేచింది నీళ్ళు తాగడానికి, ఒంటికి. అన్నం తినలేదు. నాలుగు వందల యాభై దగ్గర రెండు గంటలు ఎక్కువ ఆపాను, బాగా పీల్చుకోనీ అని. కరెంటు పోలేదు. కనీసం ఈ ఒక్కరోజు పోలేదు, నా మొహం చూసి.

గోడ మీద కాగితం లేదు. దేనికి, నేనే ఉన్నాను కదా.

అయిదున్నరకి తీశాను. నల్లగానే ఉంది. ఆయన బిళ్ళ పక్కన పెట్టి చూశాను. తేడా ఏమీ లేదు. తిప్పి గీత చూస్తే గానీ నాకే తెలియదు.

మెషీన్ తుడిచి, మంచం కింద పెట్టి, చీర ముందున్నట్టే కప్పాను. పింకీ వచ్చింది. మంచం కింద దుమ్ములో చక్రాల జాడ చూసినట్టుంది. "దాదీ కా మెషీన్ నికాలా థా?" అంది, నాన్నమ్మ మెషీన్ తీశావా అని. అది చీపురు తెచ్చి ఆ జాడ ఊడ్చేసింది. ఇది నా కూతురే అని చాలా రోజుల తర్వాత అనిపించింది.

డిసెంబర్ 2

మహతో ఇంకా రాలేదు.

డిసెంబర్ 4

స్కూల్లో బ్యూరెట్ పగిలింది. పదకొండో తరగతి అబ్బాయి చేతిలో. పగలగొట్టిన పేరు మాత్రం నాది.

డిసెంబర్ 7, ఆదివారం

రాయాలి.

పదింటికి మహతో ఫ్లాస్క్ తెచ్చి, ఆవకాయ పట్టుకుపోయాడు. ఆయన మాంసానికి జుగ్సలాయి బజారుకి వెళ్ళాడు, పింకీ స్నేహితురాలింటికి. నేనొక్కదాన్నే. తలుపు దగ్గరగా వేసి, వంటింటి గట్టు మీద థర్మకోల్ గిన్నె పెట్టాను.

ముందు ఆయన బిళ్ళ. నైట్రోజన్ పోశాను, మరగడం తగ్గేదాకా ఆగాను, అయస్కాంతం పెట్టాను. కూర్చుంది. నాకు తెలిసిందే. తీసి డబ్బాలో వేశాను.

తర్వాత నాది.

పట్టుకారుతో అయస్కాంతం పట్టుకుని వదిలాను. కింద పడలేదు. వంగి చూశాను. కింద సందు. బిళ్ళకీ దానికీ మధ్య గాలి తప్ప ఏమీ లేదు. వేలితో తడితే గిర్రున తిరిగింది, తిరుగుతూనే ఉంది, ఎవరి మీదా ఆనకుండా. పాత హార్డ్‌డిస్క్‌లోంచి పీకిన అయస్కాంతం ముక్క...

ఏడ్చాను. నవ్వాను కూడా అనుకుంటా. లేచింది, నా చేత్తో చేసింది, నా ఇంట్లో.

తలుపు చప్పుడు. మాంసం సంచీతో ఆయన. "ఏటయినాది? ఏడుత్తన్నావేటి?" గట్టు మీదకి చూశాడు. సంచీ కింద పెట్టేశాడు. దగ్గరికి వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళు గిన్నె ఎత్తుకి తెచ్చుకుని చూశాడు. చాలాసేపు. ఆ మొహం నేను చూసి ఎన్నాళ్ళయిందో. పింకీ పుట్టినప్పుడు అలా ఉంది.

"లేసింది, వరం!" పేరు పెట్టి పిలిచాడు.

"లేసింది" అన్నాను.

ఇప్పుడు చెప్పాలి, ఇప్పుడే. నోరు తెరిచాను. ఆయన నా భుజం మీద చెయ్యేసి —

"సూసినావా? ఎర్రగున్నప్పుడే లాగీసినాను కాబట్టి లేసింది. నీకు సెప్పలేదు, తిడతావని. నువ్వు సెప్పినట్టు సల్లారబెట్టుంటే పాడైపోయీది. ఈ సేతి గుణమే ఇది!"

తన బిళ్ళే అనుకున్నాడు. పద్నాలుగో తారీఖు బిళ్ళ. ఇంకొకటి ఉందని ఆయనకి తెలియదు కదా; నూరిన పొడి ఏమైందని అడగనే లేదు, ఆ రోజు గిన్నె ఖాళీగానే కాలిందని నమ్మాడు.

నా నోరు తెరిచినది తెరిచినట్టే ఉంది. అయస్కాంతం తిరిగి తిరిగి, నైట్రోజన్ అయిపోయి, టప్ మని కూర్చుంది.

డిసెంబర్ 8

సింహాచలం అన్నయ్యకి ఫోన్. వాళ్ళ బావకి ఫోన్. షాపు గ్రూపులో మెసేజ్. ప్రతి ఫోన్‌లోనూ అదే — "లాగీసినాను గదా... ఎర్రగున్నప్పుడే... మా ఆవిడ పౌడర్ కలిపింది, మిగతాది మన సెయ్యి."

పౌడర్ కలిపాను. సీసాలు కడగడం నుంచి పౌడర్ కలపడానికి ప్రమోషన్.

డిసెంబర్ 10

నిజం చెప్తే రెండూ చెప్పాలి. బిళ్ళ నాదని, అత్తయ్య మెషీన్ ముట్టానని. మొదటిదానికి నవ్వుతాడేమో. రెండోదానికి నాతో మాట్లాడడు. వాళ్ళమ్మ పోయిన రోజు ఏడవని మనిషి, ఆ చీర కప్పేటప్పుడు ఏడ్చాడు.

అయినా కోపం తగ్గడం లేదు. జాలి పుడుతుంది, జాలి వెనకాలే కోపం పుడుతుంది.

డిసెంబర్ 11

పింకీ నిలదీసింది. "వో పాపా వాలా నహీ హై నా?" నాన్నది కాదు అన్నాను. "తో బతావో ఉన్‌కో." అంత తేలికైతే నువ్వు చెప్పు అన్నాను. అది కూడా చెప్పలేదు.

డిసెంబర్ 13, శనివారం

రేపు షాపు వాళ్ళు వస్తున్నారు. ఎనిమిది మంది, ఆయన ఫోర్‌మన్‌తో సహా. మహతో పదకొండుకి పెద్ద ఫ్లాస్క్ తెస్తానన్నాడు. పప్పు నానబోశాను, గారెలకి.

ఆయన చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ నేర్చుకుంటున్నాడు, ఏం చెప్పాలో. మధ్యలో ఆగి — "వరం, రేపు మాట నేను సెప్తాను, బిళ్ళ మాత్రం నువ్వే వెయ్యాల. నీ సెయ్యి కూడా ఉంది గదా ఇందులో." మనస్ఫూర్తిగానే అన్నాడు. అదే నా ఖర్మ.

నేను వేసేది ఏదో ఆయనకి తెలియదు. ఆయన చేతిది వేస్తే కూర్చుంటుంది — ఎనిమిది మంది ముందు, ఫోర్‌మన్ ముందు, ముప్పై ఏళ్ళ భట్టీ మనిషి. నా చేతిది వేస్తే లేస్తుంది, చప్పట్లు ఆయనకి. ఇక బతికినన్నాళ్ళూ అది ఆయనదే. చల్లార్చిన నేను పౌడర్ కలిపినదాన్ని.

రెండు బిళ్ళలూ స్టీలు డబ్బాలో దూది మీద పక్కపక్కన పెట్టాను. గీత ఉన్నది కుడివైపు, చేతికి అందేలా.

తర్వాత తీసి ఎడమవైపు పెట్టాను.

ఇందాక మళ్ళీ మార్చాను.